పాతది చించే ముందు

వేలిముద్ర వేసి ఉంటే బతికిపోయేదాన్ని. సంతకం పెట్టడం నేర్చుకున్నాను, అదే నా మెడకు చుట్టుకుంది.

తొంభైల మొదట్లో, మేము రామకుప్పం వైపు పల్లెలో పట్టుపురుగులు పెంచుకుంటున్న రోజుల్లో, ఊరి ఆడవాళ్లకు సాయంత్రం పూట చదువు చెప్పేవాళ్లు. పలక చంకలో పెట్టుకుని నేనూ పోయాను. పురుగులకు మల్బరీ ఆకు కోసుకురావాలి, వాటి తట్టలు శుభ్రం చేయాలి, సంగటి గెలకాలి. ఇవన్నీ అయ్యాక మిగిలిన అరగంటలో ఎంత చదువు వస్తుంది? అక్షరాలు సగం వచ్చాయి, గుణింతాల దగ్గర ఆగిపోయాను. నా పేరు మాత్రం తప్పు లేకుండా రాయగలిగాను. పురుగుల ఇంటి గోడ మీద సున్నంతో రాసి మా ఆయనను పిలిచి చూపించాను. ఆయన చాలాసేపు చూశాడు. "ఇంక నిన్ను ఎవురూ ఏమార్చలేరు పో" అన్నాడు.

ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఆయన మీద మంట కాదు. ఆయన మాటను అబద్ధం చేసినవాళ్ల మీద.

పదేళ్లు దాటాక, మదనపల్లె బయట ఒక ఇంజనీరింగ్ కాలేజీలో, ఆ సంతకంతోనే నన్ను ఏమార్చారు. నేను అక్కడ కంప్యూటర్ ల్యాబు ఊడ్చేదాన్ని. ల్యాబు సారు ఒక కాగితం తెచ్చి ఇక్కడ సంతకం పెట్టమన్నాడు. ఏంది సార్ ఇది అని అడిగాను. ల్యాబు శుభ్రం చేసినట్టు రాసుకున్నాము అన్నాడు. పెట్టాను. పలక మీద నేర్చుకున్నట్టే గుండ్రంగా, వంకర లేకుండా పెట్టాను. కొన్ని రోజులకు ఇంకొకటి తెచ్చాడు. దానికీ పెట్టాను. మూడోది తెచ్చిన రోజు ఆఫీసు గుమస్తా పక్కనే ఉన్నాడు. నవ్వుతూ, "ఇది పెడితే రేపటి నుంచి నీకు సెలవే కదక్కా" అన్నాడు. యాల, సెలవు ఎందుకు అన్నాను. అప్పుడు చదివి చెప్పాడు. నేను చీపురుతో వైరు లాగి పెద్ద మిషన్ను ఆపేశానంట. ఆ తప్పు నాదేనని ఒప్పుకుంటున్నానంట. అలాంటివి మూడు అయితే ఉద్యోగం నుంచి తీసేయడమే.

"మరి మొదటి రెండు కాగితాలు సార్?" అని ల్యాబు సారును అడిగాను.

"సంతకం నీదే కదమ్మా. చదివే కదా పెట్టుంటావు."

అదీ సంగతి. వేలిముద్ర వేసిన మనిషికి చదువు రాదని లోకం ఒప్పుకుంటుంది. సంతకం పెట్టిన మనిషి చదివే పెట్టిందంటుంది. మూడో కాగితానికి పెట్టనని చెప్పి కలం బల్ల మీద పడేశాను. విషయం ప్రిన్సిపాలు దాకా పోయింది. ఆయన వారం గడువు ఇచ్చాడు. ఈ లోపల నా తప్పు కాదని తేలితే సరి, లేకపోతే సంతకం పెట్టకపోయినా తీసేస్తామన్నాడు.

ఆ ఉద్యోగం పోతే నాకు ఏముందో కూడా చెప్పాలి. ఏమీ లేదు. మా ఆయన పచ్చకామెర్లతో పోయాడు. పిల్లలు లేరు. పురుగుల ఇంటి తాళం మరిది చేతికి పోయింది. నేను పుంగనూరుకు, మా అమ్మ దగ్గరికి వచ్చేశాను. వచ్చే ముందు రేషన్ కార్డులో పేరు మార్పించుకోవాలన్నారు. అత్తగారి ఊరి ఆఫీసులో నా పేరు మీద ఎర్ర సిరాతో గీత కొట్టి ఒక చీటీ ఇచ్చారు. దాన్ని తీసుకుపోయి పుట్టింటి వైపు ఆఫీసులో ఇస్తే కొత్త కార్డులో రాస్తారన్నారు. ఇచ్చాను. కొత్త కార్డులు ఇంకా రాలేదన్నారు. పోయిన ప్రతిసారీ అదే మాట. అమ్మ పోయాక మదనపల్లెకు వచ్చి చీపురు పట్టేదాకా నా పేరు ఏ కార్డులోనూ లేదు. కిరసనాయిలు అడిగితే, బియ్యం అడిగితే, నువ్వు యాడ ఉండావమ్మా అనేవాడు రేషన్ షాపు ఆయన. కళ్ల ముందర నిలబడ్డ మనిషిని పట్టుకుని యాడ ఉండావని అడిగేవాడు. పాతదాంట్లో కొట్టేశారు, కొత్తదాంట్లో రాయలేదు. మధ్యలో నేను గాలిలో ఉన్నాను.

ఇది గుర్తు పెట్టుకోండి. ముందు కొట్టేసి తర్వాత రాస్తామనే వాళ్లను నమ్మకూడదని అప్పుడే నేర్చుకున్నాను. ఆ పాఠం కంప్యూటర్ మిషన్ దగ్గర పనికొస్తుందని మాత్రం అనుకోలేదు.

ల్యాబు ఎలా ఉండేదంటే, చల్లటి గది, ముప్పై చిన్న మిషన్లు, మూలన ఒక పెద్ద మిషన్. చిన్నవాటన్నిటికీ ప్రాణం ఆ పెద్దదాంట్లోనే ఉంటుంది. దాన్ని సర్వర్ అనేవాళ్లు. అది ఆగితే ముప్పై తెరలూ ఒక్కసారిగా కొయ్యబారిపోతాయి. పిల్లలు చెప్పులు బయట విడిచి లోపలికి పోవాలి. గంటకొకసారి బెల్లు కొడతారు. ఒక బ్యాచ్ లేచి బయటికి వస్తుంది, ఇంకో బ్యాచ్ లోపలికి పోతుంది. ఆ సందులోనే నేను ఊడవాలి. సందు అంటే పేరుకే సందు. లేచేవాళ్లు పూర్తిగా లేవరు, సార్ ఒక్క నిమిషం అంటూ కొట్టుకుంటూనే ఉంటారు. వచ్చేవాళ్లు ఆగరు, వాళ్ల భుజం మీద నుంచే కుర్చీ లాగుతారు. గడప దగ్గర రెండు బ్యాచ్‌ల చెప్పులు కలిసిపోతాయి. వాటి మధ్య నేను, నా చీపురు.

మిషన్ ఆగేది ఆ సమయంలోనే. నేను లోపలికి అడుగుపెట్టాక. అందుకని చీపురు మీద అనుమానం వచ్చింది. అది న్యాయమే అనుకుందాం. నేనే వంగి వైర్లు చూసుకునేదాన్ని. పెద్ద మిషన్ వైరు గోడలోకి పోయి ఉండేది, చీపురు తగిలే చోట లేదు. చెప్పాను. వినలేదు.

చీపురు అయ్యాక నా మొహం మీద పడ్డారు. బొట్టు లేని మొహం ఎదురొస్తే మిషనుకు కూడా ఒళ్లు బాగుండదు అని గుమస్తా అన్నాడు. అందరూ నవ్వారు. పోనీ, గుమస్తా పెద్ద చదువులు చదివినవాడు కాదు. ల్యాబు సారు చదివాడు. ఆయన ఏం చేశాడు? మరుసటి శుక్రవారం ఆ సర్వర్ మెడకు దారంతో ఒక నిమ్మకాయ, రెండు మిరపకాయలు కట్టాడు. పసుపు పూశాడు. కంప్యూటర్లు చదివి, కంప్యూటర్లు చెప్పే మనిషి. మా పురుగుల ఇంటికి మేము కూడా దిష్టి తీసేవాళ్లం. అయితే పురుగు చస్తే, ముందు ఆకు తడిగా ఉందా, గాలి ఆడుతోందా, ఎవరైనా బీడీ తాగి లోపలికి వచ్చారా అని చూసేవాళ్లం. దిష్టి ఆఖరున. ఈయన మొదట్లోనే దిష్టి దగ్గరికి పోయాడు.

నిమ్మకాయ కట్టాక కూడా ఆగింది. అప్పుడు నన్ను ల్యాబులోకి రావద్దన్నారు, పరీక్షల వారం మొత్తం. ఆ వారం మిషన్ ఒక్కసారి కూడా ఆగలేదు.

"సూస్తివా? నువ్వు రాలేదు, అది ఆగలేదు" అన్నాడు ల్యాబు సారు. "ఇంకేం కావాల?"

పరీక్షలయ్యాక నేను మళ్లీ ఊడవడానికి పోయాను, మిషన్ మళ్లీ ఆగింది, ఆ మూడో కాగితం వచ్చింది. ఒక్కోసారి నాకే అనుమానం వచ్చేది. నిజంగా నా నీడలోనే ఏదైనా ఉందేమో అని. ఒక మనిషికి తన మీదే అలా అనిపించేటట్టు చేయడం కంటే పాపం ఇంకొకటి లేదు. ఎవరైనా నన్ను దొంగ అని ఉంటే తిరగబడి ఉండేదాన్ని. అపశకునం అంటే ఎవరి మీద తిరగబడాలి? అద్దం మీదనా?

వారం గడువులో మూడో రోజు, ఆఖరి సంవత్సరం చదివే ఒక ఆడపిల్ల నన్ను వెతుక్కుంటూ నీళ్ల కుళాయి దగ్గరికి వచ్చింది. పుంగనూరు వైపు పిల్ల. నన్ను పెద్దమ్మా అని పిలిచేది. పెద్దగా మాట్లాడేది కాదు, గోళ్లు కొరుక్కుంటూ తెర వైపు చూస్తూ కూర్చునే రకం. ఇప్పుడు నేను చెప్తుంటే రాస్తున్నది ఆ పిల్లే. గోళ్లు ఇప్పటికీ కొరుకుతుంది.

"పెద్దమ్మా, మిషన్ ఆగిన ప్రతిసారీ నువ్వు ఆడ్నే ఉండావు కదా. ఏం సూసినావో చెప్పు" అంది.

అంతమంది నన్ను నువ్వేం చేశావని అడిగారు. ఏం చూశావని అడిగింది ఆ పిల్ల ఒక్కతే.

నాకు రాయడం రాకపోయినా గుర్తు పెట్టుకోవడం వచ్చు. పురుగు ఎన్నో రోజున ఎంత తింటుందో తల్లో పెట్టుకుని పెంచినదాన్ని. చెప్పాను. బెల్లు కొట్టాకే ఆగుతుంది, కొట్టకముందు ఎప్పుడూ ఆగలేదు. మధ్యాహ్నం అన్నానికి పోయే బెల్లుకు ఆగదు, ఎందుకంటే అప్పుడు ల్యాబు ఖాళీ, వచ్చేవాళ్లు లేరు. పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ కలిసిపోయినప్పుడే ఆగుతుంది. అది కూడా ప్రతిసారీ కాదు, ఎప్పుడో ఒకసారి.

"పరీక్షల వారం బెల్లు లేదు కదా పెద్దమ్మా" అంది ఆ పిల్ల మెల్లగా.

లేదు. పరీక్షల్లో ఒకే బ్యాచ్ పొద్దున కూర్చుని మధ్యాహ్నం లేస్తుంది. నేను రాకపోవడం వల్ల కాదు, బ్యాచ్ మారకపోవడం వల్ల ఆగలేదు.  ఈ ముక్క అంత చదివినవాళ్లకు ఎందుకు తట్టలేదు? తట్టదు. వేలు ఒకసారి మనిషి వైపు తిరిగాక ఇంకో వైపు చూడాల్సిన పని ఎవరికి ఉంటుంది?

వేలు అన్నాను కదా. అసలు కథ వేలుదే. ఆ పిల్ల రెండు రోజులు కూర్చుని లోపల ఏముందో చదివి, మూడో రోజు నాకు విడమరచి చెప్పింది. నాకు అర్థమైనంత చెప్తాను. తప్పుంటే రాసేటప్పుడు దిద్దుతుంది.

పెద్ద మిషన్లో అన్నిటికంటే లోపల ఉండేదాన్ని కెర్నల్ అంటారు. చెనక్కాయ ఒలిస్తే పప్పు ఉంటుంది చూడండి, ఇంగ్లీషులో ఆ పప్పుకు కూడా అదే పేరట. మిగతావన్నీ పొట్టు, పెంకు. పెంకు పగిలితే మళ్లీ వేసుకోవచ్చు. పప్పు పుచ్చితే కాయ పోయినట్టే. మన ల్యాబు సారు ఆ పప్పులోకే సొంతంగా రాసిన ప్రోగ్రాము ఒకటి దూర్చాడు. ఈ గంటలో ఏ పిల్లలు ఏ మిషన్ మీద కూర్చోవచ్చు అని చెప్పే జాబితా అది. ముప్పై మిషన్లూ ప్రతి క్షణం ఆ జాబితాను చదువుతుంటాయి. జాబితా ఎక్కడుందో చూపించడానికి ఒక వేలు ఉంటుంది. పాయింటర్ అంటారు. బెల్లు కొట్టగానే పాత బ్యాచ్ జాబితా పోయి కొత్తది రావాలి. అంటే వేలు పాతదాని మీద నుంచి కొత్తదాని మీదికి తిరగాలి.

"సారు ఏం చేసినాడంటే, ముందు పాత జాబితాను చెరిపేసినాడు. తర్వాత కొత్తది రాయడం మొదలుపెట్టినాడు. రాసినాక వేలు తిప్పినాడు" అంది.

"మధ్యలో వేలు యాడ సూపిస్తా ఉంటాది?"

"చెరిపేసిన చోటునే."

 నా రేషన్ కార్డు. అచ్చం నా రేషన్ కార్డే. ముందు కొట్టేశారు, కొత్తది రాయలేదు, ఈ లోపల ఎవరైనా వచ్చి చూస్తే ఏముంటుంది? ఏమీ ఉండదు. లేదా అక్కడ ఇంకేదో ఉంటుంది, దాన్నే జాబితా అనుకుని చదివి, పెద్ద మిషన్ తల తిరిగి పడిపోతుంది. రేషన్ షాపులో నేను పడిపోలేదు, అంతే తేడా.

మరి సారు ముందే చూసుకోలేదా అని అడిగాను. చూసుకున్నాడంట. తన గదిలో, ఒక్కడే, ఒక్క మిషన్ పెట్టుకుని చాలాసార్లు చూశాడంట. ఒక్కసారీ ఆగలేదు. ఆగదు. ఆ చెరిపే క్షణంలో చదివేవాడు ఎవరూ లేకపోతే ఏమీ కాదు. అది రెప్పపాటు పని. ముప్పై మంది ఎడాపెడా చదువుతున్నప్పుడు, వాళ్లలో ఒకరి చూపు సరిగ్గా ఆ రెప్పపాటులో పడితేనే చావు. ఖాళీ సందులో ఒక్కడే నడిచి, ఈ సందులో ఎవరూ గుద్దుకోరు అని చెప్పినట్టు ఉంది ఆయన పరీక్ష.

ఆ పిల్ల మొదట ఒక తాళం వేసి చూసింది. లాక్ అంటారు. జాబితా చదవాలంటే ముందు తాళంచెవి తీసుకోవాలి, చదివాక ఇచ్చేయాలి, మార్చేవాడు కూడా అదే తాళంచెవి తీసుకోవాలి. చావు తప్పింది, కానీ ముప్పై మిషన్లూ రేషన్ షాపు క్యూలాగా నిలబడిపోయాయి. అక్షరం కొడితే తెర మీదికి రావడానికి ఆవులింత అంత సమయం పట్టింది. పిల్లలు గోల చేశారు. ల్యాబు సారు వచ్చి, ఎవరు కెలికింది అని ఆ పిల్లను తిట్టిపోశాడు. నాకు ఆయన తిట్టు కంటే ఆ క్యూ మీదే కోపం వచ్చింది. రాసేవాడు గంటకొకసారి రాస్తాడు. చదివేవాళ్లు ఎప్పుడూ చదువుతుంటారు. ఒక్కడి కోసం అందరినీ వాకిట్లో నిలబెట్టడం ఎక్కడి పద్ధతి?

"ఇంగో దారి ఉండాది పెద్దమ్మా" అని ఆ పిల్ల కాగితం మీద గీసింది. "పాతదాన్ని ముట్టుకోను. పక్కన కొత్తది పూర్తిగా రాసేస్తా. అంతా నిండినాకనే వేలు తిప్పుతా. అప్పటి నుంచి వచ్చేటోళ్లు కొత్తది సదువుతారు. ముందే పాతదాంట్లో ఉండేటోళ్లు దాన్నే సదువుకుని పోతారు. వాళ్లందరూ బయటికి వచ్చినాక పాతది చెరిపేస్తా. ఎవురూ నిలబడే పని లేదు."

నేను నవ్వాను. ఆ వారంలో మొదటిసారి నవ్వాను. "ఇది మేము తట్ట మార్చే పద్ధతే కదే" అన్నాను.

పట్టుపురుగులకు పడక మార్చాలి. తినేసిన ఈనెలు, పెంటికలు కింద పేరుకుపోతాయి, తీయకపోతే రోగం వస్తుంది. అయితే వేల పురుగులను చేత్తో ఏరి పక్కన పెట్టలేం. అందుకని పురుగుల మీద ఒక వల పరుస్తాం. వల మీద లేత ఆకు నిండుగా వేస్తాం. వాసనకు పురుగులు ఒక్కొక్కటే వల కంతల్లోంచి పైకి ఎక్కుతాయి. తినేవి తింటూనే ఉంటాయి, ఏ పురుగునూ ఆపే పని లేదు. అన్నీ ఎక్కాక వలను ఎత్తి కొత్త తట్టలో పెట్టి, పాత పడకను ఎరువు గుంతలో పారేస్తాం. ఆకు వేయకుండా వల పరిచినా తప్పే, అవి ఎక్కక ముందే పాతది పారేసినా తప్పే. వల ఎత్తడం చిటికెలో పని, పిల్లలు కూడా చేస్తారు. తెలివంతా దాని ముందూ వెనకా ఉంది.

నా తప్పు కూడా చెప్తాను, దాచుకోవడం ఎందుకు. పెళ్లయిన కొత్తలో నేను తొందరపడ్డాను. పురుగు పొర విడిచే ముందు తిండి మానేసి, తల పైకెత్తి, కదలకుండా నిద్రపోతుంది. మా వైపు దాన్ని జ్వరం అంటాం. సగం పురుగులు జ్వరంలో ఉన్నాయి, పైకి ఎక్కలేదు. నేను కిందికి చూడలేదు. వల ఎత్తి పాత పడకను గుంతలో పోశాను. తెల్లవారి పోయి చూస్తే ఎరువు మీద అవన్నీ అలాగే తలలు పైకెత్తుకుని ఉన్నాయి. కోళ్లు ఏరుకు తింటున్నాయి. మా ఆయన కోళ్లను తోలి, మిగిలిన పురుగులను ఏరడం మొదలుపెట్టాడు. తిట్టినా బాగుండేది.

ఆ పిల్లకు ఇది చెప్పి, మరి మీ దాంట్లో పాత జాబితా పట్టుకుని ఎవరైనా నిద్రపోతే ఏం చేస్తారని అడిగాను. ఆ పిల్ల నా వైపు వింతగా చూసింది.

"నిద్రపోకూడదు. అదే రూలు. పాతదాన్ని పట్టుకున్నోడు సదివేదాకా కళ్లు మూసేదానికి లేదు. మూస్తే, వాడు బయటికి పోయినాడని అనుకుని చెరిపేస్తాది మిషన్" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. కొత్తది నింపి తర్వాత వేలు తిప్పు అని వరుసగా రాస్తే చాలదంట. మిషన్ తన సౌకర్యం కోసం వరుస తారుమారు చేస్తుందంట, నింపక ముందే వేలు తిప్పేయగలదంట. ముందు ఇది, తర్వాతే అది అని దానికి గట్టిగా చెప్పడానికి వేరే మాట ఉందంట. ఆఫీసుల్లో కూడా అలాంటి మాట ఒకటి ఉంటే బాగుండేది అనుకున్నాను.

ఇదంతా ఆ పిల్ల కనిపెట్టింది కాదు, నేను కనిపెట్టింది అంతకంటే కాదు. ఆ పద్ధతి కెర్నల్లోనే ఎవరో పెద్దవాళ్లు పెట్టి ఉంచారంట. సారు చూడలేదు, వాడలేదు. ఆయనకు నా చీపురు కనిపించింది, అది కనిపించలేదు.

గడువు ఆఖరి రోజు శనివారం. ఆ పిల్ల ప్రిన్సిపాలును ల్యాబుకు పిలుచుకొచ్చింది. నన్ను బయట మెట్ల మీద కూర్చోమని, కిటికీలోంచి అందరికీ కనబడేటట్టు చీపురు ఒడిలో పెట్టుకోమంది. ముప్పై మిషన్లూ ఒకేసారి చదివేటట్టు, బెల్లు ఊరికే కొడుతూనే ఉన్నట్టు ఒక చిన్న ప్రోగ్రాము రాసింది. సారు రాసిందాని మీద దాన్ని వదిలింది. కూర్చున్న చోటి నుంచే నేను పక్కనున్న చెప్పులు వరుసగా పెట్టేలోగా లోపల పెద్ద మిషన్ ఆగిపోయింది. మళ్లీ లేపి మళ్లీ వదిలింది. మళ్లీ ఆగింది.

"ఆమె ఆడ ఉండాది సార్, సర్వర్ ఈడ ఉండాది. చీపురు ఆమె ఒడిలో ఉండాది" అంది ఆ పిల్ల. 

తర్వాత తను మార్చింది పెట్టి వదిలింది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం కాఫీ దాకా నడిచింది. ఆగలేదు, నిదానించలేదు. ల్యాబు సారు కరెంటులో హెచ్చుతగ్గులు ఉంటాయని ఏదో అన్నాడు. ప్రిన్సిపాలు వినలేదు. నన్ను గదిలోకి పిలిచాడు. ఫైలు తెప్పించి, నా సంతకాలున్న రెండు కాగితాలూ బయటికి తీశాడు. చేసిన తప్పుకు ఒక్క మాట లేదు. ఎంతో మేలు చేస్తున్నట్టు నవ్వి, "అయిపోయింది కదమ్మా. చించేస్తాను, పోయి పని చూసుకో" అన్నాడు.

నేను ఆయన బల్ల మీద, ఆ కాగితాల మీద అరచెయ్యి పెట్టాను. అంతకుముందు ఆ బల్లను తుడవడానికి తప్ప ముట్టుకోలేదు.

"చించొద్దు సార్. ముందు కొత్తది రాయండి."

ఆయనకు అర్థం కాలేదు. పాతది లేకపోతే తప్పే లేదు కదా, కొత్తది ఎందుకు అన్నాడు. నేను చెప్పాను. మీరు చించితే కాగితం పోతుంది. దాన్ని చదివినవాళ్లు పోరు. గుమస్తా చదివాడు, వాచ్‌మన్‌కు చదివి వినిపించాడు, క్యాంటీన్లో చెప్పుకున్నారు. వాళ్లందరి దగ్గరా పాతదే ఉంది. రేపు ఎవరైనా అడిగితే మీరు వేలెత్తి దేన్ని చూపిస్తారు? ఖాళీనా? నా పేరు ఒకసారి అలా కొట్టేశారు, కొత్తది రాస్తామన్నారు. ఆ రాయడం కోసం ఎన్నేళ్లు తిరిగానో నాకు తెలుసు.

"కొత్తది రాయాలంటే పైవాళ్లకు చెప్పాలి, టైం పడుతుంది" అన్నాడు. "అంతదాకా ఇది ఫైలులో ఉంటే తప్పు నీ మీదే ఉంటుంది."

"ఉండనీండి సార్. నిండినాక మార్చండి."

రెండు రోజులకు ఒక కాగితం తెచ్చారు. ఆ పిల్ల చేత చదివించాను. సర్వర్లో సాంకేతిక లోపం సవరించబడింది, అని ఉంది. నా పేరు లేదు. ఇది నిండలేదు అన్నాను. తిప్పి పంపాను. రెండోసారి నా పేరు వచ్చింది, తప్పు ఎవరిదో రాలేదు. మళ్లీ పంపాను. గుమస్తా నన్ను చూసి, అక్క కలెక్టరై పోయింది అన్నాడు. అవ్వాల్సి వస్తే అవుతాను అన్నాను. మూడోసారి వచ్చిందాంట్లో ఉంది: మిషన్ ఆగడానికి కారణం ల్యాబు ప్రోగ్రాములోని తప్పు, ఈమె వల్ల ఏ తప్పూ జరగలేదు, ముందు తీసుకున్న సంతకాలు ఆమెకు చదివి వినిపించకుండా తీసుకున్నవి. ల్యాబు సారు పేరు మాత్రం రాయలేదు. దానికి నేను ఇప్పటికీ ఒప్పుకోలేదు, ఓర్చుకున్నానంతే. మూడు సార్లు చదివించుకుని, నేనూ కూడబలుక్కుని చదివి, అప్పుడు సంతకం పెట్టాను.

ఇంక చించవచ్చా అన్నాడు ప్రిన్సిపాలు. అందరూ చదివాక అన్నాను. గుమస్తాను పిలిచి చదివించారు. ఈసారి ఆయన నవ్వలేదు. వాచ్‌మన్‌కు వినిపించారు. క్యాంటీన్ ఆయన వచ్చి తడి చేతులు తుడుచుకుంటూ విన్నాడు. ల్యాబు సారు నాలుగు రోజులు సెలవు పెట్టాడు. ఆయన ఒక్కడి కోసం పాత కాగితాలు నాలుగు రోజులు ఫైలులో ఉన్నాయి. ప్రిన్సిపాలు విసుక్కున్నాడు. నేను ఓపిక పట్టాను. ఎరువు గుంతలో తలలెత్తిన పురుగులను ఒకసారి చూసినదాన్ని, ఇంకోసారి తొందరపడను.

ల్యాబు సారు వచ్చాడు. గదిలో నిలబడి తల వంచుకుని చదివాడు. నా వైపు చూడలేదు, క్షమించమని అడగలేదు.

"సదివినారా సార్?" అన్నాను.

"సదివినా" అన్నాడు.

"అయితే ఇప్పుడు చించండి" అని ప్రిన్సిపాలుకు చెప్పాను.

ఆయన రెండు కాగితాలనూ కలిపి అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి చించాడు. ముక్కలు బుట్టలో పడలేదు, నేల మీద చెదిరిపడ్డాయి. ఒక ముక్క మీద నా సంతకంలో సగం కనిపిస్తోంది. గదిలో ఉన్నవాళ్లందరూ అలవాటు ప్రకారం నా చేతిలోని చీపురు వైపు చూశారు.

బయట బెల్లు కొట్టారు. ల్యాబుకు టైమైంది సార్ అని చెప్పి, ఆ ముక్కలను వాళ్లకే వదిలేసి వచ్చేశాను.